చలం సంసారం

గుంటూరు నుండి పోయే బాటలో నందివెలుగు దాటితే తెనాలి. ప్రేమ నవలలతో తెలుగునాట కలకలం రేపిన గుడిపాటి వెంకటచలం బాల్యం గడిచినది ఆ ఊరిలోనే. ఆయన 1894 మే 18న మద్రాసులో జన్మించారు. మాతామహులు గుడిపాటి వెంకటరామయ్యగారు దత్తత చేసుకొనడంతో కొమ్మూరివారి బిడ్డ గుడిపాటివారయ్యారు. తల్లి పడిన బాధలు పసితనంలోనే ఆయన మనస్సును కలచివేశాయి.

చిన్న వయస్సులోనే రంగనాయకమ్మగారితో వివాహమయింది. మద్రాసులో పట్టభద్ర విద్య చదివే రోజుల్లో భార్యను కాన్వెంటులో చేర్పించి, స్వయంగా సైకిలుపై బడికి తీసుకొనిపోయేవారు. ఆనాటి బ్రాహ్మణ కుటుంబంలో అదెంత సాహసమో నేటి విద్యార్థులు ఊహించడం కష్టం! మామగారు మండిపడ్డారు. చలం వెనుదీయలేదు. అయితే స్త్రీ స్వేచ్ఛ కోరిన ఆయన ఇంట ఇల్లాలు సుఖపడినదని చెప్పలేము. భర్త భావాలు తెచ్చిన నిందలలో ఆమెకూ పాలు దక్కింది.

పాఠశాలల తనిఖీ ఉద్యోగం చేస్తూనే 'మైదానం' వంటి నవలలు రచించారు. లోకం వెలివేసినంత పని చేసింది. పిల్లలను మాత్రం దండన లేకుండా, భయమెరుగకుండా పెంచాలని నమ్మి, 'బిడ్డల శిక్షణ' అనే గ్రంథం వ్రాశారు. 1950లో విజయవాడ విడిచి, కుటుంబంతో అరుణాచలం చేరారు. కుమార్తె సౌరిస్ తోడుగా శేషజీవితం గడిపి, 1979 మే 4న అక్కడే కన్నుమూశారు.