చెప్పులు కుట్టిన చేతులు

ధ్యానభాగము: 2 తిమోతి 2:15

విలియం కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామమున జన్మించిరి. బీదవారగుటచే చిన్నతనముననే చెప్పులు కుట్టు పనిలో చేరిరి. పనిచేయుచునే లతీను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనిరి.

1792లో ఆయన ప్రోత్సాహముచే కెట్టరింగ్ పట్టణమున బాప్తిస్టు మిషనరీ సంఘము ఏర్పడెను. ఇతరులను పంపుటతో తృప్తిపడక, తామే వెళ్లుటకు ముందుకు వచ్చి, 1793 నవంబరులో కుటుంబముతో కలకత్తా చేరిరి. మరుసటి యేడు కుమారుడు పీటర్ మరణించెను. భార్య డొరోతిగారికి మతిస్థిమితము తప్పెను. ఏడు సంవత్సరములు గడచినను ఒక్క బెంగాలీ విశ్వాసియు కలుగలేదు. అయినను ఆయన ప్రజల భాష నేర్చుకొనుట మానలేదు. 1800 డిసెంబరు 28న వడ్రంగి కృష్ణపాల్ బాప్తిస్మము పొందెను. 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చయ్యెను.

1812 మార్చి 11న శ్రీరాంపూరులోని అచ్చుకూటము కాలిపోయెను. ఎన్నో వ్రాతప్రతులతోపాటు మన తెలుగు వ్యాకరణమునకు ఆయన సిద్ధపరచినదియు బూడిదయ్యెను. కేరీగారు దుఃఖించిరి గాని చేయి విడువలేదు. మరల మొదటినుండి వ్రాసిరి. 1814లో ఆ వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరునుండి వెలువడెను. 1834 జూన్ 9న ఆయన అక్కడనే ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, నేడు మన చేతిలోని ఫోనుద్వారా మాట క్షణములో దేశములు దాటుచున్నది. కాని మనము నేర్చుకొనని వాక్యమును ఇతరులకెట్లు అందింపగలము? ఈ నెలలో ఒక్క సువార్తనైనను శ్రద్ధగా చదివి, అర్థము తెలిసికొని, ఒక్కరికైనను చెప్పుటకు ముందుకు రండి.