గళగండమును ఉప్పుతో ఎదిరించిన వైద్యుడు

విశాఖపట్టణపు తీరసీమనుండి తూర్పు కనుమలనెక్కు రైలుమార్గము బస్తరు అడవులను చొచ్చి, బైలడిల్లా ఇనుపగనుల చెంత కిరండూల్‌లో ముగియుచున్నది. ఇట్టి కొండసీమలకు ఉప్పు దూరమునుండియే రావలెను. ఆ ఉప్పునే కొండవాసుల వ్యాధికి మందుగా నిలిపిన వైద్యుడు మన ఉత్తరాంధ్రమునందే పుట్టెను.

వులిమిరి రామలింగస్వామి 1921 ఆగస్టు 8న శ్రీకాకుళములో జన్మించెను. విశాఖపట్టణమందలి ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, పిమ్మట ఆక్స్‌ఫర్డులో పరిశోధన పట్టము పొందెను.

వానలు కొండ నేలలోని అయోడినును కడిగివేయును. అది చాలని పంటలు తినువారి థైరాయిడ్ గ్రంథి, తగినంత రసమును తయారుచేయవలెనని ప్రయాసపడి ఉబ్బును. ఇదియే గళగండము. గొంతు వాపుకంటె గొప్ప కీడు మరియొకటి కలదు. గర్భిణికి అయోడిను మిక్కిలి కొరవడినచో శిశువు చెవిటిదిగాను, మందబుద్ధిగాను పుట్టవచ్చును. అట్టి నష్టమును పిదప సరిచేయుట దుర్లభము.

1956లో రామలింగస్వామియు ఆయన సహచరులును హిమాలయ పాదమందలి కాంగ్రా లోయలో పరిశోధన నారంభించిరి. లక్షమందికి పైగా నివసించు ఆ ప్రాంతమును మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిను కలిపిన ఉప్పును, మూడవదానికి సాధారణమైన ఉప్పును పంపిరి. 1962 నాటికి మొదటి రెండు భాగములలో వ్యాధి బహుగా తగ్గెను, మూడవదానిలో తగ్గలేదు. సత్యము తేలిన పిమ్మట ఆ మూడవ భాగపు ప్రజలను అట్లే విడువక, వారికిని అయోడిను ఉప్పునిచ్చిరి. 1968 నాటికి అచ్చటను వ్యాధి తగ్గెను. 1962లోనే జాతీయ గళగండ నివారణ కార్యక్రమము మొదలాయెను.

ఆయన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకుడై, అటుపిమ్మట భారత వైద్య పరిశోధన మండలికి అధిపతియై, 2001 మే 28న కన్నుమూసెను.

సముద్రపు ఉప్పైనను తనంతట తగినంత అయోడినును కలిగియుండదు, దానిని కలుపవలెను. అయితే ప్రతి వాపునకు ఉప్పు ఔషధము కాదు. గ్రంథిలోని గడ్డలు, ఇతర రుగ్మతలు కూడ వాపునకు కారణములు కావచ్చును గనుక రక్తపరీక్ష అవసరము. కొందరికి మాత్రలు చాలును. ఊపిరిగొట్టమును నొక్కు పెద్ద వాపునకు శస్త్రచికిత్స కావలసియుండును. నివారణ మాత్రము సులభము. అయోడిను ఉప్పును కొని, తడి తగులకుండ మూతపెట్టి వాడుకొనినచో, ఇంకను పుట్టని బిడ్డ బుద్ధిని సయితము కాపాడినవారమగుదుము.