లూథరు గారికి వెలుగు కలిగిన విధము

సాక్ష్యపు కూటములలో, ఫలాని తేదీన ఫలాని గడియలో నాకు వెలుగు కలిగెనని చెప్పువారు మన సంఘములలో కలరు. అట్టి తేదీ చెప్పలేనివారు తల వంచుకొని ఇంటికి పోవుట చూచుచున్నాము. వారి నిమిత్తమే ఈ నెల మార్టిన్ లూథరు గారి చరిత్ర వ్రాయుచున్నాము.

1483లో జర్మనీ దేశమున పుట్టిన లూథరు న్యాయశాస్త్రము చదువుచుండగా, 1505 జూలై 2న స్టోటర్న్‌హైము ఊరి దాపున ఆయనకు సమీపముగా పిడుగు పడెను. భయపడి, సన్యాసి నగుదునని మ్రొక్కుకొని, రెండు వారములకే ఎర్ఫర్టు మఠములో చేరెను. తండ్రికి బహు కోపము వచ్చెను. పిడుగు ఆయనను మఠమునకు నడిపించెను గాని నెమ్మది నియ్యలేదు. ఉపవాసములు, జాగరణలు, గంటలకొలది పాపపు ఒప్పుకోలు. ఎంత చేసినను దేవుడు తనమీద కోపగించి యున్నాడనియే దిగులు.

ఇక రోమా పట్టణపు మెట్ల కథ. ప్రసంగములలో ఎక్కువగా వినబడునది ఇదే. 1510-11 కాలమున ఆయన అక్కడికి పోయి, పరిశుద్ధ మెట్లు అనబడు 28 మెట్లను మోకాళ్లమీద ఎక్కుచుండగా, విశ్వాసమును గూర్చిన వాక్యము మెరుపువలె తోచెననియు, వెంటనే లేచి దిగిపోయెననియు చెప్పుదురు. ఈ కథకు మూలము ఆయన కుమారుడు పౌలు 1582లో వ్రాసిన వ్రాత. అప్పటికి తండ్రి చనిపోయి 36 ఏండ్లు. లూథరు తానే ఒక ప్రసంగములో చెప్పినది వేరు. చనిపోయిన తాతగారి ఆత్మకు విడుదల కలుగవలెనని ప్రతి మెట్టున ప్రభువు ప్రార్థన చెప్పుచు పై మెట్టు వరకు ఎక్కెను. ఎక్కిన తరువాత, ఇది నిజమో కాదో ఎవరికి తెలియునని అనుకొనెను. అంతే. మొదటి కథ వినుటకు ఇంపుగా నున్నది. రెండవది మనబోటివారి కథ.

1512లో ఆయన విట్టెన్‌బర్గులో వేదశాస్త్ర పండితుడై, మొదట కీర్తనలు, 1515లో రోమా పత్రిక బోధింప నారంభించెను. మొదటి అధ్యాయము 17వ వచనములోని దేవుని నీతి అను మాట ఆయనకు ముల్లువలె నుండెను. అది పాపులను శిక్షించు నీతి యని నేర్పబడిన వాడాయన. ఆ మాటను ద్వేషించితినని కూడ దాచక చెప్పెను. రాత్రింబగళ్లు ధ్యానించి, ఆ వచనములోని ముందు వెనుక మాటలు కలిపి చూడగా, అది దేవుడు విశ్వాసమువలన ఉచితముగా ననుగ్రహించు నీతి యని గ్రహించెను. పరదైసు ద్వారములు తెరువబడినట్లు తోచెనట. తరువాత లేఖనములన్నిటిని జ్ఞాపకము చేసికొని, ఆ అర్థము తక్కినచోట్ల సరిపడునా యని పరీక్షించెను.

ఇది ఏ యేట జరిగెనో పండితులు నేటికిని వాదించుచున్నారు. 1515 ప్రాంతమని కొందరు, 1518 అని కొందరు. అంతటి వెలుగు పొందిన ఆయనకే మనము నిశ్చయముగా చెప్పగల తేదీ లేదు!

మరణమునకు ఒక సంవత్సరము ముందు, 1545లో, తన లాటిను గ్రంథములకు ముందుమాట వ్రాయుచు ఆయన ఈ సంగతి చెప్పి, ఒక్క చూపుతో లేఖనముల సారమంతయు గ్రహించిన వారిలో తాను చేరిన వాడను కాననియు, అగస్టీనువలె వ్రాయుచు బోధించుచు కొంచెము కొంచెముగా ఎదిగితిననియు తెలిపెను.