అష్ఫాఖుల్లా ఖాన్: ఆయన తట్టని తలుపు

ఉరిశిక్ష పడిన విశ్వాసి పైకోర్టుకు అప్పీలు చేసుకుంటే అది తవక్కుల్‌కు విరుద్ధమా? ప్రాణభీతి అనిపించుకుంటుందా? కొందరికి కలిగే ఈ సందేహానికి అష్ఫాఖుల్లా ఖాన్ జీవితంలో సమాధానం ఉంది.

ఆయన 1900 అక్టోబరు 22న షాజహాన్‌పూర్‌లో ఒక పఠాన్ కుటుంబంలో జన్మించారు. ఉర్దూలో 'హస్రత్' అనే కలం పేరుతో కవిత్వం చెప్పేవారు. నమాజు, రోజాలు పాటించే ఆయనకు అదే ఊరివారైన ఆర్యసమాజీయుడు రాంప్రసాద్ బిస్మిల్ ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఆంగ్లేయ పాలనపై సాయుధ పోరాటం తలపెట్టిన హిందుస్తాన్ రిపబ్లికన్ అసోసియేషన్‌లో పనిచేశారు.

ఆయుధాలకు ధనం అవసరమైంది. ప్రభుత్వ సొమ్ము తీసుకెళ్ళే రైలును దోచుకోవాలన్న ఆలోచనను అష్ఫాఖ్ మొదట వ్యతిరేకించారు. సంస్థ ఇంకా బలపడలేదని, ప్రభుత్వం దాన్ని అణచివేస్తుందని ఆయన అభిప్రాయం. అయితే నిర్ణయం జరిగాక వెనుదీయలేదు. 1925 ఆగస్టు 9న లక్నో సమీపంలోని కాకోరీ వద్ద రైలును ఆపారు. ఆయన తన పిస్తోలు మరొకరి చేతికిచ్చి, సుత్తితో ఇనుప పెట్టెను పగులగొట్టారని సహచరులు తమ జ్ఞాపకాల్లో రాశారు. ఆ గందరగోళంలో తుపాకీ గుండు తగిలి ఒక ప్రయాణికుడు మరణించాడు. నిరపరాధి ప్రాణం ఎంత పవిత్రమైనదో తెలిసిన మనం ఈ విషాదాన్ని దాచకూడదు.

నాటి శిక్షాస్మృతిలోని 396వ సెక్షన్ ప్రకారం, బందిపోటు దోపిడీ చేస్తుండగా ముఠాలో ఒక్కరు హత్య చేసినా, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ మరణశిక్ష విధించవచ్చు. ఎవరి చేతిలో సుత్తి ఉంది, ఎవరి చేతిలో పిస్తోలు ఉంది అన్న తేడా ఆ సెక్షన్‌కు లేదు.

1926లో అష్ఫాఖ్ ఢిల్లీలో పట్టుబడ్డారు. ఒక ముస్లిం పోలీసు అధికారి మతం పేరు చెప్పి, హిందూ సహచరులకు వ్యతిరేకంగా ప్రభుత్వ సాక్షిగా మారమని నచ్చజెప్పినట్లు ఆయన చరిత్రకారులు రాశారు. అష్ఫాఖ్ అందుకు ఒప్పుకోలేదు. 1927 జూలైలో ప్రత్యేక న్యాయస్థానం ఆయనకు ఉరిశిక్ష వేసింది.

ఆ తర్వాత ఆయన పక్షాన న్యాయమార్గాలన్నీ ప్రయత్నించారు. లక్నోలోని అవధ్ చీఫ్ కోర్టులో అప్పీలు వేశారు. ఆగస్టు 22న ఆ కోర్టు శిక్షను ఖరారు చేసింది. క్షమాభిక్ష అర్జీలు తిరస్కరణకు గురయ్యాయి. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ కూడా జోక్యం చేసుకోలేదు. 1927 డిసెంబరు 19న ఫైజాబాద్ జైలులో, మెడలో ఖుర్ఆన్ వేలాడుతుండగా, కలిమా పఠిస్తూ ఆయన ఉరికంబమెక్కారు. అదే రోజు గోరఖ్‌పూర్ జైలులో బిస్మిల్‌ను ఉరితీశారు. అప్పటికి అష్ఫాఖ్ వయస్సు 27 ఏళ్ళు.

సోదరులారా! ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానతు. దాన్ని కాపాడుకునేందుకు ధర్మబద్ధమైన ప్రతి తలుపూ తట్టవచ్చు. అది తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అష్ఫాఖ్ ఆ తలుపులన్నీ తట్టారు. తోటివారి మెడకు ఉరి బిగించి తన మెడ తప్పించుకునే తలుపు ఒక్కటి మాత్రం తట్టలేదు. అదొక్కటే తెరిచి ఉందని తెలిసినా తట్టలేదు. ఈ రెంటికీ గల తేడాను గుర్తించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.