సముద్రమునకు నీలిమ యెక్కడిది?

చంద్రశేఖర వేంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి చెంత జన్మించిరి. తండ్రి విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులగుటచే ఆయన బాల్యము సముద్రతీరమున గడచెను. పదునొకండవయేటనే మెట్రిక్యులేషను ముగించిరి.

ఆకాశమేల నీలముగ నుండునో అప్పటికే ఇంగ్లండున రేలీ ప్రభువు వివరించియుండెను. గాలియందలి అణువులు సూర్యకాంతిని చెదరగొట్టును. అందు ఎరుపుకంటె నీలము సుమారు ఆరు రెట్లు చెదరును. ఊదా మరింత చెదరినను, సూర్యకాంతిలో దాని పాలు తక్కువ. మన కంటికి ఆనుటయు తక్కువే. ఇంతవరకు సరియే. కాని సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమేయని కూడ రేలీ తలచెను. వర్ని వరిమళ్ళలో నిలిచిన నీటిని చూచినవారికి ఇది నిజమనియే తోచును. నేటికిని కొందరు పిల్లలకు అట్లే బోధించుచున్నారు.

1921లో రామన్ ఇంగ్లండునుండి నార్కుండా ఓడపై మరలి వచ్చుచు మధ్యధరా సముద్రమును పరికించిరి. రేలీ గతించి అప్పటికి రెండేండ్లు. రామన్ చేత నున్నది చిన్న నికల్ పట్టకము. నీటిపైనుండి ఒకానొక కోణమున పరావర్తనమగు కాంతిని అది ఆర్పివేయగలదు. అట్లు ఆర్పి చూడగా నీలిమ తగ్గలేదు సరికదా, ఇనుమడించెను! నీటి అణువులును కాంతిని చెదరగొట్టుచున్నవని ఆయన గ్రహించిరి. నీరు ఎరుపును పీల్చుకొనుటయు ఈ వన్నెకు ముఖ్యకారణమే. ఓడ బొంబాయి రేవున నుండగనే నేచర్ పత్రికకు లేఖ వ్రాసిరి.

ఆ వెదకులాటయే 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఫలితముగ తేలెను. 1930లో నోబెల్ బహుమానము లభించెను. 1970 నవంబరు 21న ఆయన గతించిరి. శిష్యులలో ఆంధ్రుడగు సూరి భగవంతము వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆ కాంతివిద్యనే సాగించెను.