నీటిలో కలిసిన విషం జాడ తీసిన రేచల్ కార్సన్

చెరువులో మందు కొడితే పురుగులు చస్తాయి. మరి ఆ మందు ఆ తర్వాత ఎక్కడికి పోతుంది? అరవై ఏళ్ల క్రితం ఈ ప్రశ్నను మామూలు జనానికి అర్థమయ్యే మాటల్లో అడిగిన శాస్త్రవేత్త రేచల్ కార్సన్. ఆ ఒక్క ప్రశ్న అమెరికాలో చట్టాలనే మార్చేసింది.

కార్సన్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లి ఆమెను పొలాల్లో, అడవుల్లో తిప్పుతూ పిట్టల్ని, పురుగుల్ని చూపించేది. రచయిత్రి కావాలని కాలేజీలో సాహిత్యం తీసుకున్న కార్సన్, ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలి పాఠాలు విన్నాక దారి మార్చుకున్నారు. 1932లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ నుంచి జంతుశాస్త్రంలో ఎం.ఏ. పట్టా అందుకున్నారు. క్యాట్‌ఫిష్ పిల్లల్లో మూత్రపిండం తొలి దశలో ఎలా ఏర్పడుతుందన్నది అప్పటి ఆమె పరిశోధన.

డాక్టరేట్ కూడా చేయాలనుకున్నారు. కానీ ఇంట్లో డబ్బుకు కటకట. 1934లో చదువు ఆపేశారు. మరుసటి ఏడాదే తండ్రి చనిపోయారు. 1937లో అక్క కూడా పోవడంతో, ఆమె ఇద్దరు కూతుళ్ల బాధ్యత కార్సన్ మీదే పడింది. అప్పటికి ఆమెకు ఒక ఆధారం దొరికింది. 1936లో ప్రభుత్వ మత్స్యశాఖలో జలజీవ శాస్త్రవేత్తగా ఉద్యోగం వచ్చింది. ఆ శాఖలో అలాంటి పూర్తికాలపు పోస్టులో చేరిన రెండో మహిళ ఆమే. పగలు ఆఫీసు పని, రాత్రి రాత పని. 1951లో సముద్రం గురించి రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయాక గానీ ఉద్యోగం మానేసే ధైర్యం రాలేదు. 1952లో రాజీనామా చేశారు.

డీడీటీ మీద ఆమెకు అనుమానం 1945 నుంచే ఉంది. దాని గురించి వ్యాసం రాస్తానంటే ఒక పెద్ద పత్రిక వద్దంది. అప్పట్లో డీడీటీ అంటే అందరికీ అద్భుతం. దాని కీటకనాశక శక్తిని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. 1958లో ఒక స్నేహితురాలు, విమానంతో మందు చల్లాక తమ ఊళ్లో పిట్టలు చచ్చిపోతున్నాయని రాసింది. ఇక కార్సన్ ఆగలేదు. నాలుగేళ్ల పాటు ప్రభుత్వ నివేదికలు, పరిశోధన పత్రాలు తిరగేశారు, శాస్త్రవేత్తలతో ఉత్తరాలు నడిపారు.

అలా ఆమె దృష్టికి వచ్చిందే కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ కథ. ఆ సరస్సు దగ్గర దోమల్లాంటి పురుగుల బెడద ఎక్కువ. అవి కుట్టవు, కానీ గుంపులు గుంపులుగా వచ్చి చికాకు పెట్టేవి. చేపలకు హాని తక్కువని నమ్మి, డీడీటీకి దగ్గరి రకమైన డీడీడీని 1949లో నీటిలో కలిపారు. 7 కోట్ల పాళ్ల నీటికి ఒక పాలు మందు, అంతే. 1954, 1957ల్లో మళ్లీ వేశారు. గ్రీబ్ అనే నీటిపక్షులు వందకు పైగా చచ్చి తేలాయి. రోగమేమో అని వెతికితే ఏమీ దొరకలేదు. చివరికి వాటి కొవ్వును పరీక్షిస్తే, పది లక్షల పాళ్లకు 1,600 పాళ్ల మందు తేలింది.

జరిగింది ఇదీ. నీటిలోని నాచు, సూక్ష్మజీవులు మందును పీల్చుకున్నాయి. వాటిని చిన్న చేపలు తిన్నాయి, చిన్న చేపల్ని పెద్ద చేపలు తిన్నాయి, చేపల్ని పక్షులు తిన్నాయి. మందు కొవ్వులో పేరుకుపోయే రకం కాబట్టి మెట్టు మెట్టుకూ పెరుగుతూ పోయింది. అక్కడ గూళ్లు కట్టే గ్రీబ్ జంటలు వెయ్యికి పైగా ఉండేవి, 1960 నాటికి 30 దాకా మిగిలాయి. ఆ సరస్సు చేపల్ని మనుషులూ తింటున్నారు కదా అన్నదే కార్సన్ భయం.

పుస్తకం సగంలో ఉండగానే, 1960లో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్, రేడియేషన్ చికిత్స నడుస్తుండగానే రాశారు. చనిపోయిన మేనకోడలి కొడుకును దత్తత తీసుకుని పెంచుతున్న రోజులు కూడా అవే. జబ్బు సంగతి మాత్రం బయట పెట్టలేదు. తెలిస్తే, ఆ బాధతోనే మందుల మీద పడిందని అంటారని ఆమెకు తెలుసు.

1962 సెప్టెంబర్‌లో 'సైలెంట్ స్ప్రింగ్' వచ్చింది. రసాయన కంపెనీలు విరుచుకుపడ్డాయి. డాక్టరేట్ లేదన్నారు, పెళ్లి కాలేదన్నారు, కమ్యూనిస్టన్నారు. నిజానికి మందులన్నీ ఆపేయమని ఆమె ఎక్కడా అనలేదు. తెలియకుండా, విచ్చలవిడిగా వాడొద్దనే అన్నారు. 1963 మేలో అధ్యక్షుడు కెనడీ నియమించిన సలహా సంఘం నివేదిక ఆమె మాటల్నే బలపరిచింది. మరుసటి నెల, నీరసంగా ఉన్నా, సెనెట్ కమిటీ ముందుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు.

1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. అమెరికా డీడీటీని నిషేధించింది 1972లో. మన దేశంలో వ్యవసాయానికి దాని వాడకం ఆగింది 1989లో. ఆ రెండూ చూడటానికి ఆమె లేరు.