శత్రువు గాయములు కట్టిన గాంధీ గారు



మహాత్మా గాంధీ గారనగానే మనకు రాట్నమును ఉప్పు సత్యాగ్రహమును జ్ఞాపకము వచ్చును. అయితే ఆయన ఒకప్పుడు సైనిక దుస్తులు ధరించి, సార్జెంటు మేజరు హోదాతో, గాయపడినవారిని మోసికొనుచు కొండలలో నడిచెనని అనేకులకు తెలియదు.

1869లో పోరుబందరులో జన్మించిన ఆయన 1893లో న్యాయవాదిగా దక్షిణాఫ్రికాకు వెళ్లెను. అచ్చటి నేటాలు సీమకు 1860 మొదలుకొని మన తెలుగు, తమిళ జిల్లాల బీదలు ఒడంబడిక కూలీలుగా ఓడలెక్కి పోయి, చెరకు తోటలలోను బొగ్గు గనులలోను కష్టపడుచుండిరి. 1899లో ఇంగ్లీషువారికిని బోయర్లకును యుద్ధము రాగా, గాంధీ గారు సుమారు 1100 మంది భారతీయులతో ఒక సేవాదళమును కూర్చెను. వారిలో ఎక్కువమంది ఆ కూలీలే. మిషను వైద్యుడైన డాక్టరు బూత్ గారు ముందుగా శుశ్రూష నేర్పెను. 1900 జనవరిలో స్పియాన్ కాప్ పోరాటమప్పుడు వారు గాయపడినవారిని డోలీలలో మోయుచు దినమునకు 20, 25 మైళ్లు నడిచిరి.

అంతకంటె కఠినమైన పరీక్ష 1906లో వచ్చెను. ప్రభుత్వము తలకు ఒక పౌను పన్ను వేయగా, ఆ దేశస్థులైన జూలూలు బంబాతా అను నాయకునితో తిరుగబడిరి. గాంధీ గారికి అప్పటికి బ్రిటిషు సామ్రాజ్యముపై నమ్మకముండెను గనుక ప్రభుత్వ పక్షముననే 24 మంది గల దళముతో బయలుదేరెను. శిబిరము చేరిన తరువాత వారికి అప్పగింపబడినవారు తెల్ల సిపాయిలు కారు, గాయపడిన జూలూలే! వారిలో అనేకులు పోరాటములో దెబ్బతిన్నవారు కారు. కేవలము అనుమానముచేత పట్టబడి కొరడాలతో కొట్టబడినవారు. చూచు దిక్కు లేక ఆ పుండ్లు కుళ్లిపోయియుండెను. తెల్లజాతివారు వారిని ముట్టుటకు ఇష్టపడలేదు. మనవారు ఆ పుండ్లను కడిగి కట్లు కట్టుచుండగా, సిపాయిలు కంచె ఆవల నిలిచి, మానుకొనుడని చెప్పి, వినకపోగా దూషించిరి. గుర్రపు దండు వెంట ఒక్కొక్క దినము 40 మైళ్లు కాలినడకను పోవలసివచ్చెను. ఉదయముననే నిరాయుధుల పల్లెలలో తుపాకులు మ్రోగుట విని, ఇది యుద్ధము కాదు, మనుష్యుల వేటయని ఆయన గ్రహించెను.

ఆ ఒంటరి నడకలలో ఆయన తన జీవితమును పరిశీలించుకొని, సంపూర్ణముగా సేవకే అప్పగించుకొన నిశ్చయించెను. తిరిగివచ్చిన వెంటనే బ్రహ్మచర్య వ్రతము పూనెను. ఆ యేడే సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గులో అన్యాయపు చట్టమునకు లోబడమని భారతీయులు ప్రమాణము చేసిరి. 1913లో న్యూకాసిల్ బొగ్గుగని కూలీలు పని విడిచి, ఆయన వెంట సరిహద్దు దాటి నడిచిరి. 1914లో వారి మీది మూడు పౌనుల పన్ను రద్దయ్యెను. 1948లో ఆయన హత్యచేయబడెను.

గోదావరిఖని చదువరులారా, గనిలో బండ పడినప్పుడు క్రిందనున్నవాడు ఏ యూనియనువాడు, ఏ కులమువాడు అని ఎవరును అడుగరు. అయితే పైకి వచ్చిన తరువాత మనము అడుగుచున్నాము. యెరికో దారిలో సమరయుడు అడుగలేదు; నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టెను. మనము కంచెకు ఏ వైపున నిలిచియున్నామో ఈ నెలలో ఎవరికి వారు పరీక్షించుకొందుము గాక.